నోటిమాట మీద కొన్న ఆర్‌ఓ మిషన్: డబ్బు ఎలా వెనక్కొచ్చిందంటే

మాది సఖినేటిపల్లి వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. బోరు వేస్తే పైన కాసిని మంచినీళ్ళు పడతాయి, ఇంకాస్త కిందికి దింపితే ఉప్పే. కాలువ నీళ్ళతో నింపుకున్న చెరువు మీదే ఊరంతా ఆధారపడతాం. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తే చెరువు అడుగంటుతుంది, కుళాయి ఓ పూట వస్తే ఓ పూట రాదు. రోజూ టిన్నులు కొనడం కంటే బోరు నీళ్ళకే ఆర్‌ఓ మిషన్ పెట్టుకుందామని, బాబాయ్ గారూ నేనూ గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళాం.

షాపులో నేను మొదట అడిగిన మాట ఇదే: "మా బోరు నీళ్ళు బాగా ఉప్పండి, ఈ మిషన్ పనిచేస్తుందా?" ఓనరు గారు, "మీ వైపు బోలెడు ఇళ్ళకి మేమే ఇచ్చామమ్మా. నెల్లాళ్ళు వాడి చూడండి. ఉప్పగా వస్తే మిషన్ మాకిచ్చేయండి, మీ డబ్బు మీకిచ్చేస్తాం. నేనున్నాను కదా" అన్నారు. బాబాయ్ గారు పక్కనే ఉన్నారు. ఆ హామీ విన్నాకే 14,500 రూపాయలు యూపీఐలో కట్టాను. బిగించిన కుర్రాడికి ఇంకో 500 ఇచ్చాం. బిల్లు కింద చిన్న అక్షరాలతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉంది.

మొదట్లో నీళ్ళు పర్వాలేదనిపించాయి. తర్వాత నాలుక మీద ఉప్పు తెలియడం మొదలైంది. కందిపప్పు కుక్కర్లో ఎన్ని కూతలు వేసినా పలుకు పలుకుగానే ఉండేది. షాపుకి ఫోన్ చేస్తే కంపెనీ సర్వీసు నంబరు ఇచ్చి ఊరుకున్నారు. కంపెనీ మనిషి వచ్చాడు. చిన్న కుర్రాడే, పని తెలిసినవాడు. స్టీలు గ్లాసులో బోరు నీళ్ళు పట్టి టీడీఎస్ మీటరు (లీటరు నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ముంచాడు. అంకెలు గబగబా పెరుగుతూ పోయి 4,180 దగ్గర నిలిచాయి. మిషన్‌లోంచి వచ్చిన నీళ్ళు పడితే 1,260. "మేడం, ఈ మోడల్ 2,000 వరకేనండి. పుస్తకంలోనే రాసుంది. ఈ నీళ్ళకి లోపల ఉప్పు వడకట్టే మెంబ్రేన్ ఎన్నిసార్లు మార్చినా ఇంతే" అన్నాడు. తాగే నీళ్ళకి భారతీయ ప్రమాణం చెప్పే పరిమితి లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే గతి లేని చోట 2,000. మా బోరు నీళ్ళు ఆ రెండోదానికి రెట్టింపు పైనే ఉన్నాయన్నమాట.

ఆ కుర్రాణ్ణి నేను ఒక్కటే అడిగాను: "బాబూ, ఇప్పుడు నాతో చెప్పిందే నీ సర్వీసు స్లిప్పు మీద రాసివ్వు." కాస్త తటపటాయించాడు గానీ రాశాడు. రెండు అంకెలూ, "ఈ నీటికి ఈ మోడల్ పనికిరాదు" అన్న ముక్కా, కింద సంతకం. తర్వాత నడిచిన కథంతా ఆ స్లిప్పు మీదే నడిచింది. అందుకే ఎవరికైనా మొదట చెప్పేది, మెకానిక్ నోటితో చెప్పి వెళ్ళిపోకుండా చూసుకోమనే.

స్లిప్పు పట్టుకుని షాపుకి వెళితే ఓనరు గారి మాట మారింది. పెద్ద మోడల్ తీసుకోండి, తేడా కట్టండి అన్నారు. డబ్బు వెనక్కిస్తానన్నారు కదండీ అంటే, "నోటిమాటలు లెక్కలోకి రావమ్మా, బిల్లు మీద ఏముందో అదే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కోనసీమలో కొబ్బరి దింపు దగ్గర్నుంచి చేపల చెరువు లీజు దాకా నోటిమాట మీద ఎంత వ్యాపారం నడుస్తుందో ఆయనకి తెలియదా?

చట్టం కూడా ఆయన చెప్పినట్టు లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 2(47) అక్రమ వ్యాపార పద్ధతుల గురించి. వస్తువుకి లేని పనితనం ఉందని చెప్పడం అందులోకి వస్తుంది. నోటితో చెప్పినా, రాసి చెప్పినా ఒకటేనని ఆ సెక్షన్‌లోనే ఉంది. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వకపోవడం కూడా అక్రమ పద్ధతే. బిల్లు మీద అచ్చేసిన ఒక్క వాక్యంతో ఇవన్నీ కొట్టుకుపోవు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. సరుకు బాగానే ఉండి, మనకి నచ్చలేదనో రంగు కుదరలేదనో వెనక్కిస్తే డబ్బిమ్మని చట్టం చెప్పదు. అక్కడ షాపువాళ్ళిచ్చిన మాటే మనకి ఆధారం.

మరి నోటిమాటని రుజువు చేయడమెలా? బాబాయ్ గారు సాక్షి. అదొక్కటే చాలదనిపించి, ఆ రాత్రే షాపు నంబరుకి వాట్సాప్‌లో రాశాను: "ఓనరు గారికి నమస్కారం. ఫలానా తేదీన మా బాబాయ్ గారి ఎదుట మీరు, నీళ్ళు ఉప్పగా వస్తే నెలలోగా మిషన్ తీసుకుని 14,500 వెనక్కిస్తామన్నారు. మెకానిక్ స్లిప్పు ఫొటో పెడుతున్నాను. ఎప్పుడు తీసుకెళతారో చెప్పగలరు." కోపం చూపించలేదు, బెదిరింపు లేదు. జరిగింది జరిగినట్టు రాశాను, అంతే. మర్నాడు జవాబొచ్చింది: "మేడం మేము మార్చి ఇస్తాం అన్నాం, డబ్బు అనలేదు." నాకు కావలసింది అదే. బిల్లు మీద "వాపసు లేదు" అని ఉన్నా తాము ఏదో ఒక మాట ఇచ్చామని వాళ్ళే రాసిచ్చేశారు. ఆ చాట్ చెరిపెయ్యకుండా ఫోన్‌లో అలాగే ఉంచాను.

తర్వాత 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు, షాపుకి పంపుతామన్నారు. వాళ్ళు రాజీకి ప్రయత్నిస్తారు తప్ప డబ్బు కట్టమని తీర్పు ఇవ్వలేరు. షాపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. అయినా ఆ నంబరు వృథా పోలేదు, నోటీసులో రాయడానికి పనికొచ్చింది.

నోటీసు నేనే తెలుగులో రాశాను, ఒక పేజీ. కొన్న తేదీ, కట్టిన డబ్బు, ఇచ్చిన మాట, సాక్షి ఎవరు, స్లిప్పులోని రెండు అంకెలు, వాళ్ళ వాట్సాప్ జవాబు ఉన్నదున్నట్టు, 1915 ఫిర్యాదు నంబరు. 15 రోజుల్లో 15,000 ఇచ్చి మిషన్ తీసుకెళ్ళకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తానని చివర్న రాశాను. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాను. కమిషన్‌కి వెళ్ళడానికి లాయరు ఉండి తీరాలని లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, మనం ఉండే చోటి కమిషన్‌లోనే వేయొచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి. ఇవన్నీ తెలుసుకునే ఆ చివరి వాక్యం రాశాను. ఉత్త బెదిరింపైతే అవతలివాళ్ళు ఇట్టే పసిగట్టేస్తారు.

నోటీసు అందాక వాళ్ళు నాకు కాకుండా బాబాయ్ గారికి ఫోన్ చేశారు. "పెద్దవారు మీరు, అమ్మాయికి సర్దిచెప్పండి, సగం ఇచ్చేస్తాం" అన్నారట. బాబాయ్ గారు, "ఆయ్, మీరన్న మాట నా చెవులతో విన్నానండి. ఎక్కడ అడిగినా అదే చెబుతాను" అని ఫోన్ పెట్టేశారు. సాక్షి అలా నిలబడకపోతే వ్యవహారం ఇంకా సాగేదే. సగానికి ఒప్పుకోమని ఇంట్లోనే ఇద్దరు ముగ్గురు చెప్పారు, గొడవెందుకని. నేను ఒప్పుకోలేదు. డబ్బు ఎక్కువా తక్కువా అని కాదు. ఆ మాట నమ్మే నేను కొన్నాను, లేకపోతే కొనేదాన్నే కాదు.

గడువు ఇంకా ఉండగానే ఓనరు గారు ఫోన్ చేసి మనిషిని పంపుతున్నానన్నారు. ముందు డబ్బు అకౌంట్లో పడాలి, తర్వాతే మిషన్ విప్పాలి అన్నాను. 14,500 పడ్డాయి. బిగింపు కూలి 500 మా చేతిలోది కాదు, కుర్రాడిది అన్నారు. మీ మాట మీదే బిగించుకున్నామండీ అంటే కాసేపు ఊరుకుని అదీ వేశారు. వచ్చిన మనిషి మిషన్ విప్పుతుంటే తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాశాను: మిషన్ ఫలానా సీరియల్ నంబరుది అప్పగించాను, 15,000 పూర్తిగా అందింది, ఇక ఇరువైపులా బాకీ లేదు. అతని సంతకం, నా సంతకం, సాక్షిగా బాబాయ్ గారి సంతకం. ఒక ప్రతి అతనికిచ్చి, 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు మూసేయమని చెప్పాను.