కాస్టింగ్ పగిలిందా? ముందు పగులు లోపల చూడండి

కాస్టింగ్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన వస్తువు) పగిలిందనగానే అందరి చూపూ లోహం కరిగించే ఫర్నేస్ వైపే పోతుంది, మెటల్ బాగోలేదని తేల్చేస్తారు. నన్నడిగితే ముందు ఆ పగులు తెరిచి లోపలి ముఖం చూడాలి (హీట్ ట్రీట్‌మెంట్‌కి ముందే, తర్వాతైతే అన్నీ నల్లబడతాయి). నల్లగా, గరుకుగా, వంకరటింకరగా ఉంటే అది వేడి మీద చీలింది, హాట్ టేర్. తిన్నగా, మెరుస్తూ ఉంటే బాగా చల్లారాక పగిలింది. రెంటికీ మందులు వేరు.

హాట్ టేర్ గట్టిపడటం పూర్తి కాకముందే మొదలవుతుంది. సుమారు 90 శాతం గట్టిపడ్డాక గ్రెయిన్ల (గట్టిపడ్డ లోహపు రేణువుల) మధ్య పలచటి ద్రవం పొర మిగులుతుంది చూడండి, అప్పుడు లోహానికి సాగే శక్తి ఉండదు, చీలితే పూడ్చడానికి కొత్త ద్రవం వచ్చే దారీ ఉండదు, కానీ కాస్టింగ్ మాత్రం కుంచించుకుపోతూనే ఉంటుంది. కోర్ (లోపల ఖాళీ కోసం అచ్చులో పెట్టే ఇసుక ముద్ద) మరీ గట్టిగా ఉండి లొంగకపోతే, లేదా రన్నర్ (ద్రవం పారే కాలువ), రైజర్ (కుంచించుకునే కొద్దీ ద్రవం అందించే నిల్వ) రెండు వైపులా పట్టి ఉంచితే, చీలక ఏంచేస్తుంది?

మెటల్‌కి పాత్రే లేదనను. అల్యూమినియంలో 4.5 శాతం రాగి ఉన్న రకం ఇట్టే చీలుతుంది, 7 శాతం సిలికాన్ ఉన్నది అంతగా చీలదు, ఎందుకంటే చివరిదాకా ద్రవం బాగా మిగిలి సందులు పూడుస్తుంది. స్టీల్లో సల్ఫర్ ఎక్కువై మాంగనీస్ చాలకపోతే ఐరన్ సల్ఫైడ్ పొర 988 డిగ్రీలకి చల్లారేదాకా ద్రవంగానే ఉండిపోతుంది. అయితే అదే హీట్‌లో (ఒకసారి కరిగించిన లోహంతో) పోసిన మిగతావన్నీ బాగుండి, ఒక్క ఐటమే ప్రతిసారీ ఒకే మూల దగ్గర చీలుతుంటే ఫర్నేస్‌ని తిట్టి లాభం లేదు. మందం, పలచన కలిసే చోట పదునైన మూల ఉందేమో డ్రాయింగ్ చూడండి. ఫిల్లెట్ (మూలని గుండ్రం చేసే వంపు) ఇవ్వాలి, అలాగని మరీ పెద్దదిస్తే అక్కడే వేడి నిలిచిపోతుంది, చిల్ (వేడిని త్వరగా లాగేసే లోహపు ముక్క) పెట్టాల్సి వస్తుంది. పాత పోత ఇనుప చక్రాల్లో ఆకులు (స్పోక్స్) వంకరగా ఉండేది అందం కోసమే అనుకోకండి, కుంచించుకునేటప్పుడు ఆ వంపు కాస్త లొంగుతుంది.

చల్లారాక వచ్చే పగుళ్లకి కారణం ఎక్కువగా తొందరే. పలచటి భాగం ముందే చల్లారి బిగుసుకుంటుంది, మందపాటిది తర్వాత కుంచించుకుంటూ లాగుడులో పడుతుంది. పైగా ప్రొడక్షన్ టెన్షన్‌లో వేడిగా ఉండగానే అచ్చు పగలగొట్టేస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. హై కార్బన్ స్టీల్లో అయితే ప్రీహీట్ (ముందుగా వేడి) చెయ్యకుండా గ్యాస్‌తో రైజర్ కోసినా చాలు, కోసిన చోటే పగులుతుంది.