రాబర్టా విలియమ్స్ వేదిక మీదికి వచ్చిన రాత్రి

లాస్ వేగస్ వెళ్ళేవాళ్ళకి అన్నిటికన్నా ముందు రిసార్ట్ ఫీజు గురించి చెప్పాలి. అప్పట్లో మేము బుక్ చేసేటప్పుడు గది 40 డాలర్లే అని కనిపించింది. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్ళాక ఇంకో పాతిక డాలర్లు కట్టమన్నారు. స్విమ్మింగ్ పూల్‌కీ, జిమ్‌కీ, వైఫైకీ కలిపి అట. డిసెంబర్ చలిలో పూల్ ఎవరికి కావాలి? రాత్రి పడుకోవడానికి రెండు మంచాలుంటే మాకు చాలు. ఈ మాటే కౌంటర్లో అమ్మాయికి చెప్పాను. "అందరికీ ఇదే రూల్ మేడమ్" అంది. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది, కట్టేశాను. అప్పటికే మేము చూడ్డానికి వచ్చిన వీడియో గేమ్ అవార్డుల షోకి టైమ్ దగ్గర పడుతోంది.

కింగ్స్ క్వెస్ట్ ఆటలు రాసిన రాబర్టా విలియమ్స్‌ని నేను కళ్ళారా చూసిన రోజు, 2014 డిసెంబర్ 5 సంగతి ఇది. మా పిన్ని కొడుకు అప్పట్లో లాస్ ఏంజెలెస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. "అక్కా, ది గేమ్ అవార్డ్స్ అని కొత్తగా మొదలుపెడుతున్నారు. టికెట్లు దొరుకుతున్నాయి, వచ్చెయ్" అని ఫోన్ చేశాడు. నాకు పెద్దగా ఉత్సాహం రాలేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన వీజీఎక్స్ ఇంకా గుర్తుంది. స్పైక్ చానెల్ వాళ్ళు 2003 నుంచి నడిపిన వీడియో గేమ్ అవార్డులకి అది చివరి రూపం. దాన్ని నిలబెట్టుకోవాలని చివరిదాకా కష్టపడిన జెఫ్ కీలీయే ఇప్పుడు టీవీ చానెల్ అండ లేకుండా, సొంత డబ్బు పెట్టి ఈ కొత్త షో చేస్తున్నాడని తమ్ముడు చెప్పాడు. యూట్యూబ్‌లో, ట్విచ్‌లో, కన్సోళ్ళలో నేరుగా ప్రసారం. 1994లో సైబర్‌మేనియా అని ఒక టీవీ కార్యక్రమం వచ్చింది, ఆటలకి అవార్డులిచ్చిన తొలి టీవీ షోల్లో అదొకటి. బడికెళ్ళే వయసులోనే కీలీ దానికి మాటలు రాయడంలో సాయం చేశాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే కోరికతో తిరుగుతున్న మనిషి. ఆ పట్టుదల చూసైనా వెళ్ళాలనిపించింది.

డౌన్‌టౌన్ లాస్ ఏంజెలెస్ నుంచి వేగస్ 270 మైళ్ళు. కారులో నాలుగ్గంటలు, బస్సులో ఇంకాస్త ఎక్కువ. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రం ఆరింటి షోకి తీరిగ్గా చేరొచ్చని తమ్ముడి లెక్క. బస్సు గంటంపావు ఆలస్యంగా కదిలింది. కారణం ఎవరూ చెప్పలేదు. శుక్రవారం కావడంతో ఐ-15 హైవే మీద సగం లాస్ ఏంజెలెస్ మాతోపాటే వేగస్‌కి బయల్దేరినట్టుంది. కహోన్ పాస్ అనే కొండదారి ఎక్కేటప్పుడు బస్సు నడుస్తోందా, ఆగిందా అనేది కిటికీలోంచి చూస్తేగానీ తెలియలేదు.

మా ముందు సీట్లో ఒక తండ్రీ కూతురూ కూర్చున్నారు. పాపకి పది పన్నెండేళ్ళుంటాయి, నెత్తిన జెల్డా ఆటలో లింక్ పెట్టుకునే ఆకుపచ్చ పొడుగు టోపీ. ఆ టోపీ చూడగానే తమ్ముడు, "మీరూ అవార్డ్స్‌కేనా?" అని అడిగాడు. అంతే, ఆయన వెనక్కి తిరిగి కూర్చున్నాడు. దారిలో వచ్చే బార్‌స్టో ఊరి దాకా మళ్ళీ ముందుకి తిరగలేదు.

ఆయన స్కూల్ బస్సు డ్రైవర్. నింటెండో మొదటి కన్సోల్ నాటినుంచి ఆడుతున్నాడు. నిరుడు వీజీఎక్స్ వచ్చినప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడట. "నేను ప్రేమించే వాటిని ఎంతమంది కలిసి తయారుచేస్తారో దానికి తెలియాలనుకున్నాను. కానీ ఆ హోస్ట్ మూడు గంటలసేపు ఆటలన్నా, ఆడేవాళ్ళన్నా చులకనగా మాట్లాడాడు. వీళ్ళు మనల్ని ఎందుకు వెక్కిరిస్తున్నారని పాప అడిగింది. ఏం చెప్పాలి?" అన్నాడు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా వినిపించింది. వీజీఎక్స్ మీద అభిమానులు పెట్టిన తిట్లు నేను చాలా చదివాను. వాటన్నిటి వెనకా ఉన్నది ఈ బాధేనని నాకు ఆ బస్సులోనే అర్థమైంది. మనం ఇష్టపడేదాన్ని, కనీసం దాని పేరు మీద పెట్టిన పండగ రోజైనా గౌరవంగా చూడాలి కదా.

అయినా వీజీఎక్స్‌లో ఒక్క మంచి జరిగిందని పాపే గుర్తుచేసింది. నో మ్యాన్స్ స్కై మొదటిసారి చూపించింది అక్కడే. ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫర్డ్‌లో కొద్దిమంది కలిసి చేస్తున్న ఆట అది. ఆ షో అయిన కొద్ది రోజులకే, క్రిస్మస్ ముందురోజు, వాళ్ళ ఆఫీసులోకి వరద నీళ్ళొచ్చి కంప్యూటర్లు పోయాయి. ఆ సంగతంతా పాప మాకు తమ ఇంట్లో జరిగినట్టు చెప్పింది.

బార్‌స్టోలో అరగంట ఆగుతామన్నారు. గంట దాటింది. తమ్ముడికి టెన్షన్, నాకు తలనొప్పి. అక్కడ తిన్న బర్గర్ గురించి చెప్పడానికేం లేదు. దాని ఖరీదు మాత్రం చాలా రోజులు గుర్తుంది. మళ్ళీ ఎక్కాక ఇక ఎడారే. బేకర్ దగ్గర 134 అడుగుల థర్మామీటర్ కనిపించింది. 1913లో డెత్ వ్యాలీలో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, ఆ గుర్తుగా అంత ఎత్తు కట్టారు. మధ్యలో కొంతకాలం ఆరిపోయి 2014 జూలైలోనే మళ్ళీ వెలిగిందని పాప తండ్రే చెప్పాడు.

నెవాడా సరిహద్దులోని ప్రిమ్ దాటేదాకా గేమ్ ఆఫ్ ది ఇయర్ మీద చర్చ నడిచింది. బేయొనెటా 2, డార్క్ సోల్స్ 2, డ్రాగన్ ఏజ్ ఇన్‌క్విజిషన్, హార్త్‌స్టోన్, షాడో ఆఫ్ మోర్డోర్ బరిలో ఉన్నాయి. డ్రాగన్ ఏజ్ విడుదలై మూడు వారాలు కూడా కాలేదు. వంద గంటల ఆటని జ్యూరీ వాళ్ళు అప్పుడే ఎలా పూర్తి చేశారని తమ్ముడి ప్రశ్న. బేయొనెటాకి రావాలని ఆయన, జెల్డా ఉంటే దానికే వచ్చేదని పాప. అసలు ఆ నవంబర్‌లో అభిమానుల మనసే బాగోలేదు. అసాసిన్స్ క్రీడ్ యూనిటీ నిండా బగ్స్, హేలో మాస్టర్ చీఫ్ కలెక్షన్‌లో ఆన్‌లైన్ మ్యాచ్‌లు కుదరవు. అరవై డాలర్లు పోసి కొన్నవాళ్ళు ప్యాచ్‌ల కోసం ఎదురుచూస్తున్నారు. అలాంటప్పుడు అవార్డుల పండగేమిటని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

వేగస్‌లో పెద్ద హోటళ్ళన్నీ ఉండే రోడ్డు, స్ట్రిప్ మీద తిరిగే డ్యూస్ సిటీ బస్సు పాస్ అప్పట్లో 8 డాలర్లు. దాన్నిండా జనం. మేము నడిచే వెళ్ళాం. ప్లానెట్ హాలీవుడ్‌లోని యాక్సిస్ థియేటర్. బ్రిట్నీ స్పియర్స్ అప్పట్లో వరసగా ప్రదర్శనలిస్తున్న హాలు అదే. క్యాసినో మెషీన్ల మధ్యలోంచి, సిగరెట్ పొగలోంచి నడిచి వెళ్ళాలి. పిల్లల్ని తీసుకొచ్చే షోకి ఆ దారేమిటో నాకు నచ్చలేదు. షో మొదలవడానికి కాస్త ముందు లోపలికి వెళ్ళి పడ్డాం.

మొదటి పది నిమిషాల్లోనే హాల్లో అందరి భుజాలూ కిందికి దిగాయి. వెక్కిరింపుల్లేవు. కీలీ సాదాగా మాట్లాడాడు. మా పక్కనున్న కుర్రాడు "హమ్మయ్య" అన్నట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. షోవెల్ నైట్ లాంటి చిన్న ఆటకి అవార్డు ప్రకటించినప్పుడు పెద్ద ఆటలకి కొట్టినంత గట్టిగానే చప్పట్లు కొట్టారు.

అన్నిటికన్నా పెద్ద కేక మాత్రం జెల్డాకే. జెల్డా తయారుచేసే నింటెండో వాళ్ళు మియామోటో, అయోనుమా పక్కపక్కన కూర్చుని తమ వీ యూ కన్సోల్ కోసం చేస్తున్న కొత్త జెల్డా ఆడుతున్న వీడియో వేశారు. గుర్రం దానంతటదే చెట్లని తప్పించుకుంటూ పోతుంటే, పెద్ద హీరో సినిమా మొదటాటకి మన హాళ్ళలో పడే ఈలలు గుర్తొచ్చాయి. 2015లోనే వస్తుందన్నారు. తీరా వచ్చింది 2017 మార్చిలో. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్ వాళ్ళు గేమ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చింది దానికే. మేము చూసిన ఆ రాత్రి జెల్డా సంగీత దర్శకుడు కోజీ కోండో స్వయంగా పియానో ముందు కూర్చుని ఇమాజిన్ డ్రాగన్స్ బ్యాండ్‌తో కలిసి జెల్డా సంగీతం వాయించాడు. కొన్ని వరసల ముందు ఆకుపచ్చ టోపీ ఒకటి ఎగరడం చూశాను. మన పాపేనో, ఇంకెవరో.

కానీ నేను ఇదంతా రాస్తున్నది కెన్, రాబర్టా విలియమ్స్ కోసం. ఇండస్ట్రీ ఐకాన్ అవార్డు వాళ్ళకిచ్చారు. 1979లో సియెర్రా అనే ఆటల కంపెనీ మొదలుపెట్టిన భార్యాభర్తలు. ఎన్నో ఏళ్ళుగా ఆటల లోకానికి దూరంగా ఉన్నారు. రాబర్టా వేదిక మీదికి వస్తుంటే నేను నిలబడిపోయాను.

నా చిన్నప్పుడు నాన్న ఆఫీసు కంప్యూటర్లో ఎవరో కింగ్స్ క్వెస్ట్ 4 వేసి ఉంచారు. సెలవు రోజుల్లో నాన్న ఫైళ్ళు చూసుకుంటుంటే నేను రోజెల్లాని నడిపించేదాన్ని. తండ్రి గ్రాహమ్ రాజుకి గుండె జబ్బు, ఆయన కోసం మాయఫలం తేవాలి, ఒక్క రోజే గడువు. మౌస్ లేదు. ఏం చెయ్యాలన్నా ఇంగ్లీషులో టైప్ చెయ్యాలి. స్పెల్లింగ్ తప్పితే ఆట అర్థం చేసుకోదు. తిమింగలం నాలుక మీద ఎక్కడానికి ఎన్ని వారాలు పట్టిందో! ఒక్క అడుగు పక్కకి పడితే జారిపోతుంది. చివరికి ఈకతో దాని గొంతులో గిలిగింత పెట్టి బయటపడినప్పుడు నేను వేసిన కేకకి నాన్న పరిగెత్తుకొచ్చారు. ఆట మొదట్లో తెర మీద ఆడమనిషి పేరుండేది. రాబర్టా విలియమ్స్. కంప్యూటర్ పని ఆడపిల్లలకెందుకని బంధువులు అన్నప్పుడు ఆ పేరే నాకు జవాబు. వాళ్ళతో వాదించలేదు, ఇంజనీరింగ్‌లో కంప్యూటర్సే తీసుకున్నాను.

హాల్లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు చాలామందికి ఆమె ఎవరో తెలియదు. అయినా ముందు వరసల్లో నెరిసిన తలలు లేచి నిలబడేసరికి వాళ్ళూ లేచారు. కింగ్స్ క్వెస్ట్ మళ్ళీ వస్తోందని చూపించారు. తమ్ముడు నా వైపు చూసి, "ఏడుస్తున్నావా అక్కా?" అన్నాడు. అవునన్నాను.

గేమ్ ఆఫ్ ది ఇయర్ డ్రాగన్ ఏజ్‌కే వచ్చింది. బయటికి వస్తూ ఆ మాట మీద గొడవలు వింటూనే ఉన్నాం. రాత్రి పదకొండు దాటాక ఒక డైనర్‌లో చోటు దొరికింది. పక్క టేబుళ్ళ వాళ్ళంతా షో నుంచి వచ్చినవాళ్ళే. రాబోయే ఆటల ట్రైలర్లు బాగున్నాయి గానీ చాలా అవార్డుల్ని హడావుడిగా తేల్చేశారని ఒకాయన అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. ట్రైలర్లు లేకపోతే ఎవరు చూస్తారని వాడి వాదన. నేను ఆయన పక్షమే. సంవత్సరాల తరబడి నిద్ర మానుకుని పనిచేసినవాళ్ళకి మైకు ముందు రెండు నిమిషాలు ఇవ్వలేరా? తర్వాత 2023లో, చనిపోయిన సహోద్యోగి గురించి బాల్డర్స్ గేట్ 3 దర్శకుడు మాట్లాడుతుండగానే ఇక ముగించమని ఎదురుగా తెర మీద చూపించినప్పుడు, లోకమంతా ఇదే ప్రశ్న అడిగింది.

మర్నాడు సాండ్స్ ఎక్స్‌పోలో ప్లేస్టేషన్ వాళ్ళ మేళా. అక్కడ క్యూల్లో నిలబడటం తప్ప చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు.

2015 నుంచి షో లాస్ ఏంజెలెస్‌కి మారింది. తమ్ముడికి బస్సు బాధ తప్పింది. నేను ఇంట్లోనే చూస్తున్నాను. ఆ ఏడాది ఐకాన్ అవార్డు వెస్ట్‌వుడ్ స్టూడియోస్ అనే ఆటల కంపెనీ పెట్టిన బ్రెట్ స్పెర్రీ, లూయిస్ కాసిల్‌కి వచ్చింది. వాళ్ళది వేగస్సే. 2017లో రివర్ రెయిడ్ అనే ఆట చేసిన కెరొల్ షా అనే ఆవిడకి ఇచ్చారు. ఆ రాత్రి తమ్ముడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. 2018 తర్వాత ఆ అవార్డు కనపడటం లేదు. అంతంత పొడుగు ట్రైలర్లకి దొరికే టైమ్‌లో అయిదు నిమిషాలు దానికి కేటాయించి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇవ్వాల్సినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళ వయసూ పెరుగుతోంది.