మూడు తాళ్ళు

ఇరవై రెండేళ్ళుగా పాలకొల్లులో ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. అందులో ఇరవై ఒక్క ఏళ్ళు ఒక తప్పు చెప్పాను. దాన్ని పట్టుకున్నది ఒక్క ముక్క ఇంగ్లీషు రాని మా మావయ్యగారు.

నా దగ్గరికొచ్చేది బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు, గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం కోసం చూసేవాళ్ళు. ఇడియమ్స్ అంటే చాలు, అందరికీ టెన్షన్. గైడులో ఎడమపక్క ఇడియం, కుడిపక్క అర్థం, ఇక బట్టీ పట్టడమే. కొన్నిటికి జోడీ మన దగ్గరే దొరుకుతుంది. 'క్యారీ కోల్స్ టు న్యూకాజిల్' ఉంది. న్యూకాజిల్ ఇంగ్లండులో ఒకప్పుడు బొగ్గు ఎగుమతికి పేరుపడ్డ రేవు. "అంబాజీపేటకి కొబ్బరికాయలు మోసుకెళ్ళినట్టు" అన్నాను. మళ్ళీ ఎవరూ అడగలేదు. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్'లో పిల్లులూ కుక్కలూ ఎందుకొచ్చాయో ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. "కుండపోత అని రాసుకోండి" అనేసి ముందుకి పోతాను.

చిక్కంతా 'త్రీ షీట్స్ టు ది విండ్' దగ్గర వచ్చింది. తప్పతాగి తూలడం అని అర్థం. షీటంటే తెరచాప అనుకుని, మూడు తెరచాపలు గాలికి ఎగిరిపోతే ఓడ తూలుతుంది కదా అని ఏళ్ళ తరబడి చెప్పాను. కిందటేడు ఓ సాయంత్రం అదే చెబుతుంటే, అరుగు మీద కొబ్బరితాడు పేనుతున్న మావయ్యగారు చెయ్యి ఆపారు.

"చాప ఎగిరిపోతే పడవ తూలదమ్మాయ్, ఆగిపోద్ది. చాప కింది మూలకి కట్టిన తాడు ఊడాలి. అప్పుడు గుడ్డ టపటపా కొట్టేసుకుంటది. చుక్కాని పట్టినోడి మాట వినదు. అదీ తూలడమంటే!"

ఆయన వయసులో ఉండగా పాలకొల్లు నుంచి ఏలూరు దాకా కాలువలో ధాన్యం పడవ నడిపారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలువలు పొలాలకి నీళ్ళే కాదు, సరుకుకి దారి కూడా. వాలుగాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. లాకుల దగ్గర పడిగాపులు సరేసరి. ఆ 'లాకు' ఇంగ్లీషు మాటేనంటే మాత్రం ఆయన ఒప్పుకోరు.

పిల్లలు వెళ్ళాక పెద్ద డిక్షనరీ తీశాను. నావికుల భాషలో షీటంటే తెరచాప కాదు, దాన్ని బిగించి పట్టే తాడు. మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. పాత పిల్లలకి ఎలా చెప్పను? వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఇంగ్లీషు మేష్టార్లు.

అప్పట్నుంచి ఓడల ఇడియమ్స్ అన్నీ ముందు అరుగు మీదికి తీసుకెళ్తున్నాను. 'టేకెన్ అబ్యాక్' అంటే నివ్వెరపోవడం. ముందు నుంచి గాలి కొట్టి తెరచాప వెనక్కి కొయ్యకి అతుక్కుపోతే అలా అనేవారట. "గుండె ఆగిపోద్ది" అన్నారాయన, గైడులో అర్థం కంటే అదే నయం. 'టచ్ అండ్ గో' అంటే అటో ఇటో తేలని పరిస్థితి. అది చెబితే నేను ముగించకుండానే అందుకున్నారు. పడవ అడుగు ఇసుకమేటకి రాసుకుని, ఆగుతుందా అనుకుంటుండగా జారిపోవడం. 'బై అండ్ లార్జ్' మాత్రం బెడిసింది. మొత్తమ్మీద అని దాని అర్థం. గాలికి దాదాపు ఎదురుగానూ, గాలివాలుకీ నడవడం అని చెబితే, "ఎదురుగాలికి చాపేసుకుని ఎవడెళ్తాడు?" అని కొట్టిపారేశారు. సముద్రంలో వంకరటింకరగా వెళ్ళొచ్చని బొమ్మ గీశాను. "సముద్రపోళ్ళ గోల మనకెందుకమ్మాయ్" అని మళ్ళీ తాడు అందుకున్నారు.

మొన్న చీకటిపడే వేళ కాలవగట్టు మీద ఎవరో ఈ చివర నుంచి ఆ చివరకి ఊగుతూ వస్తున్నాడు. మావయ్యగారు కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశారు.

"రెండే ఊడినట్టున్నాయ్. ఇంకోటి బిగువుగానే ఉంది, ఇంటికెళ్ళిపోతాడు."