పక్కవారి చీటీ

డబ్బాలోంచి తీసిన చీటీలో 73 చూసి, దాన్ని చుట్టూ ఉన్న నలుగురికి మాత్రమే చూపించి, వారందరికంటే తనదే పెద్ద సంఖ్య అని తేలగానే మూడో వరుసలోని అమ్మాయి లేచి నిలబడింది. ఆ నలుగురూ ఆట నుంచి తప్పుకున్నారు.

గచ్చిబౌలిలోని మా తరగతి గదిలో ఈ రోజు, కంప్యూటర్ శాస్త్రవేత్త లూబీ 1986లో ప్రచురించిన అల్గారిథమ్‌ను, ఒక్కో విద్యార్థినీ నెట్‌వర్క్‌లోని ఒక్కో కంప్యూటర్ అనుకుని, ఇలా చేసి చూశాం. రౌండ్లన్నీ ముగిసేసరికి పక్కపక్కనున్న ఇద్దరు నిలబడకూడదు, కూర్చున్న ప్రతి ఒక్కరి పక్కనా ఒకరైనా నిలబడి ఉండాలి. గదంతా ఎవరూ చూడనక్కర లేదు, ఆజ్ఞలిచ్చే నాయకుడూ అక్కర లేదు. నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా రౌండ్ల సగటు దాని లాగరిథమ్ మేరకే, అంటే చాలా నెమ్మదిగా, పెరుగుతుందని బోర్డు మీద ఎన్నోసార్లు నిరూపించాను గానీ, అది కళ్లెదుట జరుగుతుంటే నాకు ఒళ్లు పులకరించింది.

వెనక బెంచీలో పక్కపక్కనున్న ఇద్దరికీ 58 వచ్చింది. ఇద్దరూ కూర్చునే ఉండి, తర్వాతి రౌండుకు కొత్త చీటీలు తీసుకున్నారు.