గొడవంతా తేదీలతోనే

శనివారం.

ఇవాళ రోజంతా ఎన్-400తోనే, అంటే అమెరికా సిటిజన్‌షిప్‌కి పెట్టుకునే అప్లికేషన్ ఫారంతోనే గడిచింది. అమెరికా సిటిజన్‌షిప్ మాటెత్తితే చాలు, మనవాళ్ళు ముందు అడిగేది "ఆ వంద ప్రశ్నలూ బట్టీ పట్టాలా?" అని. ఇప్పుడవి వంద కావు, 128. 2025 అక్టోబరు 20 నుంచి అప్లికేషన్ పెట్టినవాళ్ళకు కొత్త పరీక్ష. ఆఫీసరు ఇరవై ప్రశ్నల దాకా అడుగుతారు, పన్నెండింటికి సరిగ్గా చెప్పాలి. పన్నెండు కాగానే ఆపేస్తారు, తొమ్మిది తప్పినా ఆపేస్తారు. రాజ్యాంగ సవరణలు 27, ప్రతినిధుల సభలో ఓటున్న సభ్యులు 435, ఇలాంటివి సాయంత్రాలు కాసేపు కూర్చుంటే వచ్చేస్తాయి. స్పీకర్, గవర్నర్ లాంటి పేర్లు మాత్రం పాత పుస్తకంలోంచి కాకుండా ఇంటర్వ్యూ ముందురోజు చూసుకోవాలి. తప్పినా రెండో అవకాశం ఉంది, 60 నుంచి 90 రోజుల్లోపు మళ్ళీ పిలుస్తారు. పరీక్ష గురించి ఇంతకన్నా బెంగ అక్కర్లేదు. మనుషుల్ని ముంచేది తేదీలే.

మొదటి తేదీ గ్రీన్ కార్డు మీదే ఉంటుంది, "రెసిడెంట్ సిన్స్" అని. అక్కణ్ణించి ఐదేళ్ళు లెక్క. సిటిజన్‌ని పెళ్ళాడి, వాళ్ళతోనే కాపురం ఉంటుంటే మూడేళ్ళు. ఆ గడువుకు 90 రోజుల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు. కార్డు మీద 2021 ఆగస్టు 14 అని ఉంటే, ఐదేళ్ళు నిండేది 2026 ఆగస్టు 14న, తొంభై రోజులు వెనక్కి లెక్కపెడితే మే 16. మే 15న పెడితే అర్హత లేనట్టే. "మూడు నెలల ముందు" అని నోటిలెక్క వేసి మే 14నే పెట్టేసేవాళ్ళు ఉంటారు. ఈ అప్లికేషన్లు చూసే ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ సైటులోనే దీనికి క్యాలిక్యులేటర్ ఉంది, అది చూపిన తేదీకి ఇంకో నాలుగైదు రోజులు కలుపుకుని పెట్టడం నయం. నాలుగు రోజులు ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

ఆ తర్వాత ప్రయాణాల పట్టిక. పొద్దున్నంతా దీనికే పోయింది. గత ఐదేళ్ళలో 24 గంటలు, ఆ పైన దేశం బయట ఉన్న ప్రతి ప్రయాణమూ రాయాలి, కొత్తదాని నుంచి పాతదానికి. ఇండియా ప్రయాణాలు ఎవరూ మర్చిపోరు. మర్చిపోయేది కెనడాకు కార్లో వెళ్ళి రెండు రాత్రులుండి వచ్చింది, మెక్సికో దాకా వెళ్ళే క్రూయిజు. నయాగరా దగ్గర పొద్దున వంతెన దాటి సాయంత్రానికి తిరిగొచ్చేస్తే రాయనక్కర్లేదు. అమెరికా రాకపోకల రికార్డుండే ప్రభుత్వ సైటు ఐ-94లో ట్రావెల్ హిస్టరీ దొరుకుతుంది కానీ అందులో కొన్ని ఎంట్రీలు ఉండవు, ముఖ్యంగా రోడ్డు మీద సరిహద్దు దాటినవి. అందుకని దాన్నీ పాస్‌పోర్టు స్టాంపుల్నీ విమాన టికెట్ల ఈమెయిళ్ళనీ మూడింటినీ పక్కపక్కన పెట్టుకోవాలి.

స్టాంపుల దగ్గర ఒక తిరకాసు ఉంది. అమెరికా నుంచి బయల్దేరేటప్పుడు ఇక్కడ స్టాంపు వెయ్యరు. దాంతో అందరూ శంషాబాద్ స్టాంపు చూసి తేదీ రాసేస్తారు. 3వ తేదీ రాత్రి ఇక్కడ విమానం ఎక్కినవాళ్ళు 5న తెల్లవారుజామున అక్కడ దిగుతారు, స్టాంపు 5 అని పడుతుంది. ఫారం అడిగేది అమెరికా వదిలిన రోజు, అంటే 3. తిరుగు ప్రయాణంలో ఇంకో రకం. 20వ తేదీ తెల్లవారుజామున మూడింటి విమానానికి, అర్ధరాత్రి దాటకముందే ఇమ్మిగ్రేషన్ అయిపోతే స్టాంపు 19, ఇక్కడ దిగేది 20. ఒకటి రెండు రోజుల తేడాకు అప్లికేషన్ పోదు. కానీ ఆఫీసరు ముందున్న రికార్డుకీ మన పట్టికకీ ప్రతి వరసలోనూ తేడా వస్తుంటే ఇంటర్వ్యూ సాగుతుంది. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క, అది మనకు కలిసొచ్చేదే.

ఇక్కడ రెండు వేర్వేరు నియమాలున్నాయి, జనం రెంటినీ కలిపేస్తారు. ఒకటి మొత్తం రోజులు: ఐదేళ్ళలో కనీసం 913 రోజులు (ముప్ఫై నెలలు) ఇక్కడ ఉండాలి, మూడేళ్ళ దారిలో అయితే 548. అప్లికేషన్ పెట్టేనాటికే ఇవి నిండి ఉండాలి, ఆ 90 రోజుల వెసులుబాటు దీనికి వర్తించదు. రెండోది ఏకధాటిగా నివాసం: ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగిందని అనుకుంటారు, ఉద్యోగం, ఇల్లు, కుటుంబం ఇక్కడే ఉన్నాయని కాగితాలతో మనమే చూపించుకోవాలి. ఏడాది నిండితే ఇంక వాదన లేదు, తెగినట్టే. తిరిగొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ళ ఒక రోజు ఆగాలి. అప్పుడు కూడా ఆరు నెలల అనుమానం మిగిలే ఉంటుంది, అదీ వద్దనుకుంటే నాలుగున్నరేళ్ళ ఒక రోజు.

దెబ్బ తినేది ఎక్కువగా పిల్లలు గ్రీన్ కార్డు తీసిచ్చిన పెద్దవాళ్ళే. "ఆరు నెలలు దాటకుండా వచ్చేస్తున్నాంగా" అంటారు. ఏటా రెండుసార్లు ఐదేసి నెలలు ఊళ్ళో ఉండి వస్తే ఏ ప్రయాణమూ ఆరు నెలలు దాటదు, నిజమే. ఐదేళ్ళకు ఇక్కడున్నది మాత్రం పదినెలలే! రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) ఉందిగా అన్నా లాభం లేదు. అది గ్రీన్ కార్డును కాపాడుతుంది, సిటిజన్‌షిప్ లెక్కను కాపాడదు.

పెద్దవాళ్ళకు ఇంగ్లీషు భయం ఉంటే దానికి దారులున్నాయి. యాభై ఏళ్ళు దాటి గ్రీన్ కార్డు మీద ఇరవై ఏళ్ళున్నా, యాభై ఐదు దాటి పదిహేనేళ్ళున్నా ఇంగ్లీషు పరీక్ష ఉండదు, దుబాసీని వెంటబెట్టుకుని ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. అరవై ఐదు దాటి ఇరవై ఏళ్ళుంటే చదవాల్సినవి ఇరవై ప్రశ్నలే, పది అడిగితే ఆరు చెబితే చాలు.

మధ్యాహ్నం అవును-కాదు ప్రశ్నలు. వరసగా "నో, నో" అంటూ పోతుంటే చివర్లో ప్రశ్నలు తిరగబడతాయి: రాజ్యాంగాన్ని సమర్థిస్తారా, ప్రమాణం చేస్తారా, చట్టం అడిగితే ఆయుధం పడతారా. ఆ ఊపులో వీటికీ "నో" నొక్కేవాళ్ళున్నారు. ఇంటర్వ్యూలో వీటి అర్థం కూడా అడగొచ్చు, కాబట్టి చదివి తెలుసుకునే నొక్కాలి. వీటికన్నా ప్రమాదమైంది ఓటు ప్రశ్న, అమెరికాలో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో తెలియక ఓటరు నమోదు గడిలో టిక్కు పెట్టినవాళ్ళు ముందు లాయరుతో మాట్లాడి తర్వాతే ఫారం ముట్టుకోవాలి. గ్రీన్ కార్డు వచ్చాక నాన్‌రెసిడెంట్‌గా టాక్స్ వేసిన ఏడాది ఉన్నా అంతే. ఇరవై ఆరేళ్ళలోపు గ్రీన్ కార్డు వచ్చిన మగపిల్లలు సెలెక్టివ్ సర్వీసులో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితాలో) నమోదయ్యారో లేదో చూసుకోవాలి. ఆ వయసంతా ఎఫ్-1, హెచ్-1బి లాంటి చదువు, ఉద్యోగ వీసాల మీద గడిచినవాళ్ళకు ఆ బాధ్యతే లేదు.

ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. ఆన్‌లైన్‌లో పెట్టడమే మంచిది, యాభై మిగలడం అటుంచి రసీదు వెంటనే చేతికొస్తుంది. ఇల్లు మారితే పది రోజుల్లోపు చెప్పాలి. పోస్టాఫీసుకు చెప్పుకున్నంత మాత్రాన యూఎస్‌సీఐఎస్‌కు చెప్పినట్టు కాదు.

ఇంట్లో పద్దెనిమిదికి దగ్గరపడ్డ పిల్లలుంటే ఇంకో తేదీ చూసుకోవాలి. తల్లో తండ్రో సిటిజన్‌షిప్ ప్రమాణం చేసేనాటికి గ్రీన్ కార్డుతో వాళ్ళ దగ్గరే, వాళ్ళ సంరక్షణలో ఉంటున్న పిల్లలు పద్దెనిమిది నిండకపోతే, వేరే అప్లికేషన్ లేకుండానే సిటిజన్లయిపోతారు. పుట్టినరోజు దాటితే వాళ్ళు విడిగా ఎన్-400 పెట్టుకోవాల్సిందే. ఈ ఒక్క కారణానికే "వచ్చే ఏడాది చూద్దాంలే" అనేవాళ్ళని తొందరపెట్టొచ్చు.

ప్రమాణం రోజున గ్రీన్ కార్డు తీసేసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. ఆ క్షణం నుంచి భారత పౌరసత్వం కూడా ఉండదు, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం. గడువు మిగిలున్నా భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం నేరం. అంటే అమెరికా పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా దేశం దాటే కాగితమే ఉండదు, ఆ పాస్‌పోర్టుకేమో సర్టిఫికెట్ అసలు ప్రతినే పంపాలి. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు సరెండర్, ఆపైన ఓసీఐ, అంటే వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్ళకు భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు. ప్రమాణం అయిన నెలలో పెళ్ళికనో గృహప్రవేశానికనో టికెట్లు కొనిపెట్టుకోవద్దని ఎంత చెప్పినా తక్కువే.

ఓసీఐ తీసుకుంటే ఊళ్ళో పొలం పోతుందని ఒక భయం. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు, కొత్తగా వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఆ మాటకొస్తే భారత పాస్‌పోర్టుతో ఇక్కడుంటున్న ఎన్నారై కూడా ఇప్పటికే అవి కొనకూడదు, కాబట్టి ఆ విషయంలో మారేదేమీ లేదు. మారేది అక్కడి ఓటు. జాబితాలో పేరు తీసేయించుకోవాలి.