నడుస్తున్నాను కదా అని రాయగలననుకున్నారు

గిలియన్ బారే సిండ్రోమ్ అనేది ఒక నరాల జబ్బు, మామూలుగా జీబీఎస్ అంటారు. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా కేసులు పెరిగినప్పుడు టీవీల్లో తెగ చెప్పారు. నాకు అంతకు ముందే, బీకాం రెండో ఏడులో వచ్చింది. ముందు విరేచనాలు పట్టుకున్నాయి, అవి తగ్గాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నీరసం వల్లే అనుకుని అమ్మ ఓఆర్ఎస్, కొబ్బరి నీళ్లు ఇస్తూ ఉంది. ఈలోపే మోకాళ్లు పట్టు తప్పాయి, బాత్రూమ్ నుంచి గోడ పట్టుకుని రావాల్సి వచ్చింది, ఆ తర్వాత చేతుల్లోకి కూడా పాకింది.

ఆసుపత్రిలో డాక్టర్ గారు చిన్న సుత్తితో మోకాలి మీద కొడితే కాలు కదల్లేదు. నరాల పరీక్ష చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. ఒంట్లోకి వచ్చిన ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున మన నరాల మీదే పడుతుందట. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు దెబ్బతింటే ఎలా ఉంటుందో అలా, నరం మీద ఉండే మైలిన్ పొర పోయి మెదడు చెప్పింది కండరం దాకా సరిగ్గా చేరదని ఆయన మా నాన్నకి చెప్పారు. నా బరువు కనుక్కుని, కిలోకి మొత్తం రెండు గ్రాముల చొప్పున లెక్కగట్టి, ఇమ్యునోగ్లోబులిన్ అనే మందుని ఐదు రోజుల్లో ఎక్కించారు. ఖరీదు లక్షల్లో ఉంది, అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్లాయి. ఐసీయూలో నర్సక్క గంటగంటకీ వచ్చి "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టమ్మా" అనేది. ఆ అంకె తగ్గుతోందంటే ఛాతీ కండరాలు కూడా బలహీనపడుతున్నాయని అర్థమట, వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుందేమోనని వాళ్ల భయం. అదృష్టం, నాకు అంతదాకా రాలేదు.

తగ్గడం మాత్రం చాలా నిదానం. నరం మళ్లీ బాగుపడాలంటే నెలలు పడుతుంది. ముందు కాళ్లు వచ్చాయి, వాకర్ పోయింది, కర్ర పోయింది. చేతివేళ్లు మాత్రం వెనకే ఉండిపోయాయి. ఫిజియోథెరపీ సార్ చపాతీ పిండి పిసకమనేవారు, బట్టల క్లిప్పులు తీగ మీద పెట్టి తీయమనేవారు. చుడీదార్ గుండీలు నేనే పెట్టుకున్న రోజు అమ్మ ఏడ్చేసింది. కానీ పెన్ను పట్టుకుంటే అర పేజీ వరకే, ఆ తర్వాత బొటనవేలు జారిపోయేది, అక్షరాలు నాకే అర్థమయ్యేవి కావు.

అలా ఉండగానే కాలేజీకి వెళ్లాను. మా క్లాసు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. హెచ్‌ఓడీ మేడమ్‌ని అడిగితే ఏ కాగితమూ అడక్కుండా కింద గదికి క్లాసు మార్పించేశారు, ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. హాజరు తక్కువైనదానికి మెడికల్ సర్టిఫికెట్లు పెట్టి కండొనేషన్ ఫీజు కట్టాం. చిక్కంతా పరీక్షల దగ్గర వచ్చింది. స్క్రైబ్, అంటే నేను చెప్తుంటే నా బదులు రాసే మనిషి కావాలని అడిగితే కౌంటర్లో సార్ నన్ను పైనుంచి కింద దాకా చూసి, "నడుస్తున్నావు కదమ్మా, బాగానే ఉన్నావు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం ఉంటేనే స్క్రైబ్" అన్నారు. నాకు వచ్చింది 30. ఆయన కోపంగా ఏమీ అనలేదు, తనకు తెలిసిన రూల్ చెప్పారు, అంతే. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఐసీయూలో కూడా అంత టెన్షన్ పడలేదు.

దారి చూపించింది మా వీధిలో ఉండే అన్న. ఆయనకి చూపు లేదు, చదువంతా స్క్రైబ్‌తోనే రాసి ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. "నోటితో చెప్తే ఎవరూ వినరమ్మా, రూల్ ప్రింటు తీసి చేతిలో పెట్టు" అన్నాడు. రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే జబ్బు) ఉన్న వికాస్ కుమార్ అనే ఆయన యూపీఎస్సీ మీద వేసిన కేసులో, స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలని అడగకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత, 2022 ఆగస్టు 10న, 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడం కష్టమైనవాళ్ల కోసమే కేంద్రం విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. రాయలేకపోతున్నారని, స్క్రైబ్ తప్పనిసరని ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తే అప్పట్లో సరిపోయేది. గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట. స్క్రైబ్‌ని మనమే తెచ్చుకుంటే వాళ్ల చదువు మనకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నది అప్పటి నిబంధన. వీటన్నిటికీ మూలం 2016 వికలాంగుల హక్కుల చట్టం. గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా విద్యార్థి అవసరానికి తగ్గ సర్దుబాటు చేయాలని అందులోనే ఉంది.

ఇవన్నీ జత చేసి ప్రిన్సిపాల్ గారి పేరున అర్జీ రాసి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్న కాపీ దాచుకున్నాను. ఫైలు ఇటూ అటూ తిరిగి, హాల్ టికెట్లు వచ్చే వేళకి అనుమతి వచ్చింది. పక్కింట్లో ఇంటర్ చదివే చెల్లి రాయడానికి ఒప్పుకుంది. చెప్పి రాయించడం వేరే విద్య, ముఖ్యంగా అకౌంట్స్. ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో ఆ పిల్లకి తెలియదు, నేను చూపించి చెప్పకూడదు, నోటితోనే చెప్పాలి. అందుకని ఇంట్లో పాత పేపర్లు తీసి "ఎడమ గడి, పేరు రాయి, ఇప్పుడు అంకె, గీత కొట్టు" అంటూ ఇద్దరం సాధన చేశాం. అదనపు గంట పూర్తిగా వాడుకున్నాను. జీబీఎస్ తర్వాత వచ్చే అలసట ఎవరికీ కనబడదు, కాసేపు తల వాల్చుకుంటే తప్ప తర్వాతి ప్రశ్నకి బుర్ర పనిచేయదు.

అన్ని పేపర్లూ పాసయ్యాను. ఫైనల్ ఇయర్ చివరికొచ్చేసరికి వేళ్లు బాగా తేరుకున్నాయి, ఆఖరి సెమిస్టర్ స్క్రైబ్ లేకుండా, అదనపు సమయంతో నా చేత్తోనే రాశాను. మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే మెడికల్ బోర్డు పని మాత్రం పరీక్ష ఫీజు నోటిఫికేషన్ రాకముందే మొదలుపెట్టండి. డాక్టర్లు అందరూ ఒకే రోజు దొరకరు, సర్టిఫికెట్ మీద అన్ని సంతకాలూ పడటానికే ఎక్కువ రోజులు పడుతుంది.