లోటస్ సెవెన్ తరహా తేలిక కారు: నాన్నతో కలిసి కట్టిన నా అనుభవం

1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న ఓపెన్ స్పోర్ట్స్ కారును మార్కెట్లోకి తెచ్చినప్పుడు విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునే వీలు ఉండేది. 1973లో ఆ బండి హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీకి వెళ్లాయి. అదే రూపంలో ఛాసిస్‌లు (బండి చట్రాలు) చేసే చిన్న వర్క్‌షాపులు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. నాన్నా నేనూ ఇంగ్లండ్‌లో మా గ్యారేజీలో కట్టింది ఆ తరహా బండే. ఛాసిస్ కొత్తది, చదరపు ఉక్కు గొట్టాలతో వెల్డు చేసింది. ఇంజిన్, గేరుబాక్సు, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), హబ్బులు, స్టీరింగు కాలమ్, వైరింగ్ అన్నీ మాజ్డా ఎంఎక్స్-5 అనే ఒకే పాత స్పోర్ట్స్ కారు నుంచి తీసుకున్నాం.

ఆ కారునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇంజిన్ ముందు, బండి పొడవునా కూర్చుంటుంది, తిరిగేది వెనక చక్రాలు. మనక్కావలసిన అమరిక సరిగ్గా అదే. 1990ల మొదట్లో వచ్చిన 1.6 ఇంజిన్ దాదాపు 115 హార్స్‌పవర్ ఇస్తుంది. అసలు కారు బరువు 950 కిలోల దరిదాపుల్లో ఉంటే, ఈ తరహా బండి 550-600 కిలోల్లో తేలుతుంది. పైగా ఈ కార్లకు తలుపుల కింద సిల్స్ తుప్పు పట్టడం మామూలు. అలాంటి కారు చవగ్గా దొరుకుతుంది, బాడీ ఎలాగూ పారేసేదే కాబట్టి తుప్పుతో మనకు పేచీ లేదు. కానీ నడుస్తున్న బండినే కొనాలి. విప్పకముందే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూడాలి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగరలాడకుండా పడుతుందో లేదో చూడాలి. విప్పేశాక ఇవి తెలుసుకునే దారి లేదు. కనెక్టరు ఊడదీసే ప్రతిసారీ రెండు వైపులా చీటీ కట్టి ఫోటో తీశాం. ఆ ఫోటోలే తర్వాత రిజిస్ట్రేషన్‌కు రుజువులుగానూ పనికొచ్చాయి.

ఇక ఈ ఇంజిన్‌తో వచ్చే పెద్ద చిక్కు. ఎంఎక్స్-5లో గేరుబాక్సు తోకకు విడిగా మౌంటు (ఛాసిస్‌కు పట్టి ఉంచే ఆధారం) ఉండదు. గేరుబాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలిపే పొడవాటి అల్యూమినియం దూలమే రెండింటినీ మోస్తుంది. సెవెన్ ఛాసిస్ పొట్టిది, ఆ దూలం పట్టదు. కాబట్టి గేరుబాక్సు తోక కింద ఒక క్రాస్‌మెంబరు, డిఫరెన్షియల్ ముక్కుకు గట్టి బ్రాకెట్టు కావాలి. ముక్కును సరిగా పట్టకపోతే యాక్సిలరేటర్ నొక్కగానే అది పైకి లేస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి డిఫరెన్షియల్‌కు శక్తిని చేర్చే కడ్డీ) కోణం మారి వణుకు మొదలవుతుంది. గేరుబాక్సు బయటి షాఫ్టూ డిఫరెన్షియల్ ముక్కూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయని డిజిటల్ యాంగిల్ గేజీతో చూసుకున్నాకే మౌంట్ల బెజ్జాలు వేశాం. షాఫ్టు పొడవు కొలవాల్సింది ఆ తర్వాతే.

రంగు వేయించకముందు బండి మొత్తాన్ని ఒకసారి బిగించి చూడాలి. ఇది ఎవరికైనా గట్టిగా చెప్తాను. ఇంజిన్, పెడళ్లు, రేడియేటరు, సీట్లు, సైలెన్సరు, చివరికి నంబరు ప్లేటు దీపం దాకా అన్నీ పెట్టి, ప్రతి బెజ్జమూ వేసి, ప్రతి బ్రాకెట్టూ వెల్డు చేసి, మళ్లీ అన్నీ విప్పి అప్పుడు పౌడర్ కోటింగుకు పంపాలి. కోటింగయ్యాక వెల్డు చేస్తే ఆ చుట్టూ కాలిపోయి తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. కోటింగు మందం వల్ల ఇంకో ఇబ్బంది: బోల్టు బెజ్జాలు బిగుసుకుపోతాయి, మరల్లో పౌడరు గడ్డకడుతుంది. మరలున్న చోట సిలికాన్ బిరడాలు పెట్టి పంపమని నాన్న పట్టుబట్టారు. అయినా తిరిగొచ్చాక కొన్నిచోట్ల ట్యాపు (మరలు కోసే పనిముట్టు) తిప్పాల్సి వచ్చింది, విష్‌బోన్ల (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతుల) బ్రాకెట్ల లోపలి అంచులను ఆకురాయితో రాయాల్సి వచ్చింది.

పక్క ప్యానెళ్లు 1.2 మి.మీ. అల్యూమినియం. ఉక్కుకు అల్యూమినియం నేరుగా తగిలి తడి చేరితే అల్యూమినియం గుల్లబారిపోతుంది. అందుకని మధ్యలో పాలీయురేథేన్ సీలెంటు పూసి రివెట్లు కొట్టాం. రివెట్టు 4 మి.మీ., బెజ్జం 4.1, దూరం 50 మి.మీ. ప్యానెలు మధ్యలో మొదలుపెట్టి రెండు చివర్లకూ వెళ్లాలి. ఒక చివర నుంచి కొట్టుకుంటూ పోతే అవతలి చివర ఉబ్బు వస్తుంది.

బ్రేకు పైపులు 3/16 అంగుళాల రాగి-నికెల్ గొట్టం. జపాన్ కారు బ్రేకు భాగాలకు పైపు మూతి డబుల్ ఫ్లేర్, అంటే రెండు మడతలుగా విప్పార్చినది, కావాలి. యూరోపియన్ పార్టులు చాలావాటికి సింగిల్ ఫ్లేర్ ఉంటుంది. మరలు రెంటికీ ఎం10 కావడంతో ఒకదాంట్లో ఒకటి చక్కగా బిగుస్తుంది కూడా, కానీ ఒత్తిడి పడగానే కారుతుంది. ఏ మూతికి ఏ ఫ్లేరో ముందే కాగితం మీద రాసుకోవాలి. బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం ఇద్దరి పని. నేను పెడల్ దగ్గర, నాన్న కింద నిపుల్ (గాలి వదిలే చిన్న మర) దగ్గర. “నొక్కు” అంటారు, “నొక్కాను నాన్నా” అన్నాకే నిపుల్ విప్పుతారు, ఆయన “మూశా” అనేదాకా నేను కాలు తీయను. మాస్టరు సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాం. తేలిక బండి కాబట్టి బ్రేకు సర్వో (కాలి ఒత్తిడిని పెంచే పరికరం) తీసేశాం. పెడల్ గట్టిగా ఉంటుంది కానీ చక్రం ఎప్పుడు పట్టేస్తుందో కాలికి తెలుస్తుంది.

వైరింగులో ఒక్కటి మరవకూడదు. బండి ముక్కూ మడ్గార్డులూ ఫైబర్‌గ్లాసువి, వాటిలోంచి కరెంటు పోదు. ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ తీగ లాగాలి. ఛాసిస్‌కు ఎర్త్ ఇచ్చేచోట పౌడర్ కోటింగు గీకి లోహం కనపడాలి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది కనుక దానికి మందపాటి ఎర్త్ పట్టీ తప్పనిసరి. సగం పిచ్చి లోపాలు, అంటే ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు మిణుకుమనడం లాంటివి, ఎర్త్ సరిగా లేకనే వస్తాయి.

ఇంజిన్‌ను చల్లబరిచే నీటి సంగతి కూడా చూడాలి. రేడియేటరు ఇంజిన్ కన్నా కిందికి ఉంటే గాలి బుడగ సిలిండరు హెడ్డులోనే చిక్కుకుంటుంది. హెడ్డరు ట్యాంకును (అదనపు నీటి డబ్బాను) అన్నిటికన్నా ఎత్తులో పెట్టి, రేడియేటరు పైమూల నుంచి సన్నటి గొట్టం దాంట్లోకి తెచ్చాం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది స్ప్రింగుల లెక్క. సెవెన్‌లో డాంపర్ (స్ప్రింగు చుట్టి ఉండే షాక్ అబ్జార్బర్) వాలుగా ఉంటుంది. చక్రం 10 మి.మీ. లేస్తే డాంపర్ 7 మి.మీ. నొక్కుకుంటుందనుకుందాం. నిష్పత్తి 0.7, దాని వర్గం 0.49. స్ప్రింగు గట్టిదనాన్ని ఈ వర్గంతో గుణించాలి. అంటే అంగుళానికి 300 పౌండ్ల స్ప్రింగు చక్రం దగ్గరికొచ్చేసరికి 147 పౌండ్లే. పెట్టె మీది అంకె చూసి కొంటే బండి మెత్తగా కూలబడుతుంది.

తర్వాత ఐమూలగా ఉన్న చక్రాల జతల మీద బరువు సమంగా పడేలా చూడటానికి నాలుగు చక్రాల కిందా నాలుగు కాటాలు పెట్టాలి. నేల సమంగా లేకపోతే కాటాల కింద రేకు ముక్కలు పెట్టి సరిచేయాలి, యాంటీ-రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) ఊడదీయాలి, టైర్లలో గాలి సరిచూడాలి, డ్రైవరు సీట్లో మనిషి కూర్చోవాలి. ఉదాహరణకు ముందు ఎడమ 145, ముందు కుడి 150, వెనక ఎడమ 170, వెనక కుడి 185 కిలోలు అనుకోండి. మొత్తం 650. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 320, అంటే 49.2 శాతం. 50 రావాలంటే ఆ రెండు మూలల్లో ఏదో ఒకచోట స్ప్రింగు కింది రింగును పావు చుట్టు చొప్పున పైకి తిప్పాలి. ఒక మూల లేపితే దానికి ఐమూలగా ఉన్న మూల బరువూ పెరుగుతుంది, మిగతా రెండూ తగ్గుతాయి. తిప్పిన ప్రతిసారీ బండిని ముందుకూ వెనక్కూ ఊపి, సస్పెన్షన్ సర్దుకున్నాకే అంకె చదవాలి. సీట్లో నేను, రింగు దగ్గర నాన్న. ఒక్కడి వల్ల అయ్యే పని కాదిది. రబ్బరు బుష్‌ల బోల్టులు కూడా బండి ఇలా నేల మీద నిలబడి ఉన్నప్పుడే చివరిసారి బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

బ్రిటన్‌లో ఇలాంటి బండి రోడ్డెక్కాలంటే ఐవీఏ (ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్) అనే పరీక్ష ఉంది. ఆ మాన్యువల్‌ను మొదటి బెజ్జం వేయకముందే చదవాలి. 100 మి.మీ. వ్యాసం గల గోళం తగలగల బయటి అంచులకు కనీసం 2.5 మి.మీ. వ్యాసార్ధపు గుండ్రం ఉండాలి. అందుకే నట్ల మీద ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచుల మీద రబ్బరు. సైలెన్సరు చప్పుడు 99 డెసిబెల్స్ దాటకూడదు. గరిష్ఠ పవర్ వచ్చే ఇంజిన్ వేగంలో ముప్పావు వంతు, అంటే ఈ ఇంజిన్‌కు 4,875 ఆర్‌పీఎం దగ్గర కొలుస్తారు. బ్రేకు వేస్తే ముందు చక్రాలే మొదట పట్టేయాలి. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటదే నడిమికి రావాలి. క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, 5-6 డిగ్రీలు ఉంటే ఇది సులువు. హైదరాబాద్ నుంచి బంధువులు అడుగుతుంటారు, అక్కడా ఇలా కట్టుకోవచ్చా అని. భారత్‌లో కొత్త వాహనాన్ని ఆమోదించేది కంపెనీలు పంపే నమూనాలను ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రిసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) వంటి సంస్థలు పరీక్షించే పద్ధతిలో. ఇంట్లో కట్టిన ఒక్క కారుకు ఐవీఏ లాంటి తేలిక దారి అక్కడ లేదు. ఇంజినీరింగు విద్యార్థులకైతే ఫార్ములా భారత్, సుప్రా లాంటి పోటీలున్నాయి, అవి ట్రాక్ మీదికే.

నంబరు వచ్చాక మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి అన్నిటినీ మళ్లీ టార్క్ రెంచితో చూడాలి: చక్రాల నట్లు, వెనక హబ్ నట్లు, విష్‌బోన్ బోల్టులు, స్టీరింగు జాయింట్లు, డిఫరెన్షియల్ మౌంట్లు. బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు పెయింటు గీత పెడితే కదిలింది ఏదో చూపులోనే తెలుస్తుంది. టైర్ల గాలి ఎంఎక్స్-5కు చెప్పే 26 పీఎస్‌ఐ ఈ బరువుకు ఎక్కువ. 18 నుంచి 20 మధ్య మొదలుపెట్టి, టైరు అడ్డంగా మూడుచోట్ల వేడి కొలిచి, నడిమిది అంచులకన్నా ఎక్కువ కాలుతుంటే ఇంకో పీఎస్‌ఐ తగ్గించండి.